సమాధానం: డైవింగ్ సిలిండర్ మీద ‘నైట్రాక్స్ 32’ అని ఉంటే నీళ్లలో 40 మీటర్లు దిగొచ్చా?

విజయవాడ నుంచి అడిగిన మిత్రులకు: దిగకండి. ఆ సిలిండర్‌తో 33 మీటర్ల దగ్గరే ఆగాలి.

మనవాళ్లు డైవర్ వీపున ఏది కనిపించినా ‘ఆక్సిజన్ సిలిండర్’ అనేస్తారు. చిక్కంతా అక్కడే. ఆటోనగర్‌లో వెల్డింగ్‌కు వాడేది ఆక్సిజన్. డైవర్ సిలిండర్‌లో మామూలుగా ఉండేది గాలే. అందులో ఆక్సిజన్ 21 శాతం, మిగతాది దాదాపు అంతా నైట్రోజన్. ఆక్సిజన్ వాటా పెంచితే నైట్రాక్స్. 32 అంటే 32 శాతం. ఒంట్లో చేరే నైట్రోజన్ తగ్గుతుంది కనుక అదే లోతులో ఎక్కువసేపు ఉండొచ్చు. ఎక్కువ లోతుకు పోవడానికి మాత్రం కాదు.

ఆక్సిజన్ పాక్షిక పీడనం (మొత్తం పీడనంలో ఆక్సిజన్ వంతు) 1.4 బార్ దాటేకొద్దీ నీళ్లలోనే ఫిట్స్ వచ్చే ముప్పు పెరుగుతుంది. నోట్లోంచి రెగ్యులేటర్ (గాలి అందించే పరికరం) జారిందా, మునిగిపోతారు. నీటి పైన గాలి పీడనం దాదాపు 1 బార్, ప్రతి 10 మీటర్ల లోతుకూ మరో బార్ కలుస్తుంది. లెక్క ఇదీ: 1.4ని 0.32తో భాగిస్తే 4.375. అందులోంచి 1 తీసేసి 10తో గుణిస్తే 33.75. మీరడిగిన 40 మీటర్ల దగ్గర ఆక్సిజన్ పాక్షిక పీడనం 1.6 బార్ అవుతుంది.

స్టిక్కర్‌ను నమ్మకండి, మీరే కొలవండి. ఎనలైజర్‌ను (ఆక్సిజన్ శాతం కొలిచే పరికరాన్ని) ముందు మామూలు గాలిలో 20.9కి సరిచేసి, వాల్వ్ కొద్దిగా తెరిచి, అంకె నిలకడగా నిలిచాక చూడండి. 34 వస్తే హద్దు 31 మీటర్లే. డైవ్ కంప్యూటర్‌లోనూ (లోతూ సమయం లెక్కగట్టే పరికరంలోనూ) మీరు కొలిచిన ఆక్సిజన్ శాతమే పెట్టండి.