ఇంట్లో చదివే పిల్లలకు కాలేజీ క్రెడిట్లు

ఒక తల్లి నన్నో ప్రశ్న అడిగారు. వాళ్లు టెక్సస్‌లోని ప్లేనోకి వచ్చి రెండేళ్లయిందట. తొమ్మిదో క్లాసు అమ్మాయిని బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నారట. ఇప్పటి నుంచే కాలేజీ క్రెడిట్లు, అంటే డిగ్రీకి లెక్కలోకి వచ్చే కోర్సు పాయింట్లు, ఎలా సంపాదించాలన్నది ఆమె ప్రశ్న. మా అబ్బాయిని నాలుగేళ్లు అలాగే చదివించాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

అమ్మా, టెక్సస్‌లో ఇంటి చదువును ప్రైవేటు బడి చదువుతో సమానంగా చూస్తారు, ఆ దిగులు వద్దు. దిగులు పడాల్సింది వేరే ఉంది. మీ అమ్మాయి రేపు చేరబోయే కాలేజీ ఆ క్రెడిట్లను ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే పడిన కష్టం కాగితం మీదే ఉండిపోతుంది. హార్వర్డ్ లాంటి ఐవీ లీగ్ యూనివర్సిటీల కలలుంటే క్లెప్ పరీక్షల మీద (కాలేజీ కోర్సు చదవకుండానే పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకునేవి) ఆశ పెట్టుకోకండి. ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలు చాలావరకు తీసుకుంటాయి.

నా మాట వింటే క్లెప్‌తోనే మొదలుపెట్టండి. స్కోరు 20 నుంచి 80 దాకా ఉంటుంది, సాధారణంగా 50 వస్తే క్రెడిట్ ఇస్తారు. తప్పితే మూడు నెలలాగి మళ్లీ రాయొచ్చు, ఆ తప్పడం కాలేజీ ట్రాన్స్‌క్రిప్టులోకి, అంటే మార్కుల రికార్డులోకి, ఎక్కదు. మోడర్న్ స్టేట్స్ అనే సంస్థ పాఠాలు ఉచితంగా చెప్పి, పూర్తిచేసినవాళ్లకు పరీక్ష ఫీజు వోచర్ కూడా ఇస్తుంది. మావాడు అమెరికా చరిత్రతో మొదలెట్టాడు. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఏ డిగ్రీకైనా ఆరు క్రెడిట్ గంటల అమెరికా చరిత్ర తప్పదు, అందుకని ఆ చదువు వృథా పోదు.

కమ్యూనిటీ కాలేజీ (ఊళ్లో ఉండే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీ) కోర్సుల సంగతి అలా కాదు. అక్కడ పదిహేనేళ్లకు తెచ్చుకున్న 'సి' గ్రేడు జీవితాంతం వెంట వస్తుంది. మెడిసిన్ అనుకుంటే మరీ జాగ్రత్త. హైస్కూల్లో ఉండగా తీసుకున్న కాలేజీ కోర్సుల ట్రాన్స్‌క్రిప్టులు కూడా మెడికల్ స్కూల్ దరఖాస్తులో పంపాలి, ఆ గ్రేడ్లన్నీ లెక్కలోకి వస్తాయి. ఇంకో మాట, కాలేజీలో చేరాక పిల్లకు పద్దెనిమిది నిండకపోయినా ఆమె చదువు రికార్డుల మీద హక్కు ఆమెదే. పేరెంట్ మీటింగులకు అలవాటుపడ్డ మనకు ఇది మింగుడుపడదు. మెయిల్ రాయడం, గడువులు చూసుకోవడం తనే నేర్చుకోవాలి. ఆ నేర్పు వచ్చాకే ఒక్క కోర్సుతో పంపండి. నిలదొక్కుకుంటే 42 క్రెడిట్ గంటల కోర్ కరిక్యులమ్, అంటే డిగ్రీకి అందరూ చదవాల్సిన సాధారణ కోర్సులు, పూర్తిచేయొచ్చు. దాన్ని రాష్ట్రంలోని ఏ ప్రభుత్వ యూనివర్సిటీ అయినా మొత్తంగా ఒప్పుకోవాలి.

ఇంకో దారి ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు, హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠాలు చదివి రాసేవి. అవి మేలో జరుగుతాయి. కానీ రాయనిచ్చే బడిని ముందటి ఏడాది ఆగస్టు, సెప్టెంబరులోనే వెతుక్కోవాలి. నేను జనవరిలో తిరిగాను, ఎక్కడా కుదరలేదు. మావాడు ఏడాదంతా చదివిన కాలిక్యులస్ ఆ మేలో రాయలేకపోయాడు. అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

మీరు హెచ్-4 మీద (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే వీసా) ఉన్నామన్నారు. ఈ చదువుకు పిల్లకు వేరే వీసా అక్కర్లేదు. అయితే 21 నిండితే ఆ హోదా పోతుంది, అప్పటికి డిగ్రీలో ఎంత పూర్తయితే అంత మేలు. స్థానికులకు ఉండే తక్కువ ఫీజు మీకు వర్తిస్తుందో లేదో మాత్రం కాలేజీలోనే అడగండి.

ఈ వారమే మీకు నచ్చిన మూడు యూనివర్సిటీల అడ్మిషన్ ఆఫీసులకు రాయండి. ఏ పరీక్షకు, ఎంత స్కోరుకు, ఏ కోర్సు క్రెడిట్ ఇస్తారో, ఇంటి చదువు పిల్లలు ఇంకేం పంపాలో అడగండి. జవాబులు దాచిపెట్టుకుని, వాటిని బట్టి మొదటి పరీక్షకు పేరు నమోదు చేయించండి.