60 మందీ ‘ట్విస్ట్ కావాలి’ అన్నారు, ఇప్పుడు ఓపెనింగ్ ఎలా రాయాలి?

కాలేజీ ప్రాజెక్టుకి 2 నిమిషాల సైకలాజికల్ థ్రిల్లర్ ఓపెనింగ్ తీయాలని, గూగుల్ ఫామ్ పెడితే అందరూ ట్విస్టే అడిగారని మీరు రాశారు. విజయవాడలో డిగ్రీ చదివేటప్పుడు మా టీమ్ కూడా సరిగ్గా ఇక్కడే ఆగిపోయింది.

‘థ్రిల్లర్‌లో మీకేం ఇష్టం?’ అని అడిగితే ఎవరైనా ట్విస్ట్ అనే అంటారు. ట్విస్ట్ పండాలంటే చూసేవాళ్లు ముందు ఒకటి గట్టిగా నమ్మాలి. 2 నిమిషాల్లో అది కష్టం.

మేం ఫామ్ పక్కన పెట్టి, మొగల్రాజపురంలో టీ కొట్టు దగ్గర 12 మందిని విడివిడిగా ఒకటే అడిగాం: ‘ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు చివరిసారి గుండె ఝల్లుమన్నది ఎప్పుడు?’ దెయ్యాల మాట ఒకరిద్దరే ఎత్తారు. ఒక జూనియర్ అమ్మాయి చెప్పింది: ‘నీళ్ల మోటార్ నేనే ఆపాను, బాగా గుర్తు. కాసేపటికి ట్యాంకు పొంగి సన్‌షేడ్ మీద నీళ్లు పడుతున్నాయి. వెళ్లి చూస్తే స్విచ్ వేసే ఉంది.’ చెబుతూ తన వేళ్ల వంక చూసుకుంది. మా కథ అక్కడే దొరికింది. తన జ్ఞాపకాన్ని తనే నమ్మలేకపోవడం కంటే సైకలాజికల్ ఏముంటుంది?

టేబుల్ కింద బాంబు ఉందని ప్రేక్షకులకు ముందే తెలిస్తే టెన్షన్ నిమిషాల తరబడి నిలుస్తుందని సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ చెప్పేవాడు. అందుకే ఆమె స్విచ్ ఆపడం మొదట్లోనే క్లోజప్‌లో చూపించాం. ఆ తర్వాత నీళ్ల చప్పుడు వినగానే చూసేవాళ్లకీ అనుమానం మొదలైంది.

రఫ్ కట్ (మొదటి ఎడిట్) 8 మందికి చూపించాం. మేం స్క్రీన్ వైపు చూడలేదు, వాళ్ల ముఖాలే చూశాం. అద్దం ముందు షాట్ వచ్చేసరికి నలుగురు ఫోన్ తీశారు. రాత్రంతా కష్టపడి తీసిన షాట్ అది, ప్రాణం ఉసూరుమంది. అయినా తీసేశాం. మ్యూజిక్ కూడా తగ్గించి నీళ్ల చప్పుడే ఉంచాం.

‘బాగుందా?’ అని మాత్రం అడగకండి, ఫ్రెండ్స్ అందరూ బాగుందనే అంటారు. ‘ఇప్పుడు ఏం జరుగుతుందనుకుంటున్నారు?’ అనండి. రిపోర్టులో టార్గెట్ ఆడియన్స్ దగ్గర ‘యువత’ అని రాసి వదిలేయకండి. 2024 నుంచి సెన్సార్ సర్టిఫికెట్లలో యూఏని (పిల్లలు పెద్దల మార్గదర్శనంతో చూడొచ్చనేది) 7+, 13+, 16+గా విడగొట్టారు. మీ కథ ఏ వయసుకో తేల్చుకుని ఆ వయసు వాళ్లకే చూపించండి.

మీ 60 మందిలో నలుగురైదుగురైనా పొడుగ్గా జవాబు రాసి ఉంటారు. ముందు వాళ్లకి ఫోన్ చేసి మోటార్ లాంటి అనుభవం ఏదైనా ఉందేమో అడగండి.