కాలు విప్పబాక అమ్ములూ

చి. అమ్ములుకు,
కావలి నుంచి మామ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు బ్యాంకు కోచింగ్ మానేశావంట, వచ్చే నెల నెల్లూరు పురమందిరంలో నాటిక వేస్తున్నావంట, అది కాగానే హైదరాబాదుకు ఆడిషన్లకు పోతావంట. చెప్తా చెప్తానే ఏడ్చింది. "ఆ కట్టుడు కాలుతో యాడికి పోద్ది అన్నా" అంది. నాకు ఏడుపు రాలేదు. ఫోన్ పెట్టేసి, రాత్రి పదకొండింటికి మీ అత్తను లేపి కాఫీ పెట్టించుకున్నా. అట్టా ఉండింది సంతోషం. భయమూ ఉండింది. అదెందుకో కింద రాస్తా.

చిన్నవి ముందు చెప్పేస్తా. వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్టూ, వికలాంగుల గుర్తింపు యూడీఐడీ కార్డూ జెరాక్స్ తీసి బ్యాగులో పెట్టుకో. రైలు రాయితీ మీద ఆశ పెట్టుకోవద్దు, తోడు లేకుండా ప్రయాణం చేయలేరని డాక్టరు రాసిచ్చిన వాళ్లకే అది. డైలాగుల సంగతి నీకు నేను చెప్పేదేముంది.

ఇప్పుడు కాలు సంగతి. నీకు కాలు కట్టేటప్పుడు నువ్వు వేసుకొచ్చిన చెప్పు మడమ ఎత్తుకే దాన్ని సరిచేసి ఉంటారు. నాటికలో నీది ఇంటి కోడలి వేషం, అంటే ఒట్టి కాళ్లు. మడమ కింద ఎత్తు పోయేసరికి మోకాలు వెనక్కి తోస్తుంది, ఎదురుగా ఎవరో నెడుతున్నట్టు ఉంటుంది. మేకప్ వాళ్లు ఎత్తు మడమ చెప్పులిస్తే దీనికి వ్యతిరేకం, మోకాలు ముందుకు వంగిపోయి దిబ్బ దిగుతున్నట్టు నడుస్తావు. రెండూ పడేసేవే. అందుకని ఈ వారమే కాలు కట్టినాయన దగ్గరికి పోయి "నేను ఒట్టి కాళ్లతో స్టేజీ ఎక్కాల" అని చెప్పి సరిచేయించుకో. జైపూర్ పాదమైతే ఒట్టి కాళ్ల నడకకూ గొంతుక్కూర్చోడానికీ చేసిందే. వేరే రకమైతే అడగాల్సిందే. ఆ తర్వాత కనీసం పది రిహార్సళ్లు ఆ ఎత్తులోనే చెయ్యి. ఆఖరి రోజు చెప్పులు మారిస్తే ఒప్పుకోబాక, డైరెక్టరు ఎంత అరిచినా సరే.

గిరుక్కున తిరగమంటే తిరగొద్దు. ఆ పాదం నేల మీద తిరగదు. నీ ఒళ్లు తిరుగుతుంది, కాలు దూర్చే గిన్నె, అదే సాకెట్, దాని లోపల చర్మం మెలిపడుతుంది. మంచి కాలు మీద బరువు వేసి చిన్న చిన్న అడుగులతో తిరుగు, చూసేవాళ్లకు అది కోడలి సంకోచం లాగే ఉంటుంది. అరుగు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కట్టుడు కాలు ముందు. చీర కుచ్చిళ్లు చీలమండకు రెండంగుళాలు పైకి పెట్టి పిన్ను కొట్టించు.

సీను మారేటప్పుడు లైట్లు ఆర్పేస్తారు గదా, నాకు అదొక దడ. పాదానికి స్పర్శ లేదు కాబట్టి వెలుతురులో నీ కన్నే నీ పాదం. చీకట్లో అదీ పోతుంది. వింగు దాకా, అంటే స్టేజీ పక్క తెర చాటుకు, ఎన్ని అడుగులో లెక్కపెట్టి పెట్టుకో. వింగు అంచున నేల మీద రేడియం స్టిక్కరు ముక్క అంటించమను, పది రూపాయల పని. మైకు వైరు నేలకు టేపు కొట్టకుండా వదిలేసి ఉంటే నాటిక మొదలుపెట్టనీయబాక.

ఇంక ఆ భయం సంగతి. మా నాటక సమాజంలో ఒకాయన ఉండేవాడు. మోకాలి కింద లేదు, నీ మాదిరే. గొంతు ఖంగుమనేది, నడకలో తేడా తెలిసేది కాదు. అప్పట్లో ఇప్పటి మాదిరి చర్మం మీద తొడిగే సిలికాన్ లైనర్లు, దాన్ని సాకెట్లో బిగించే పిన్ లాకులు మా దగ్గర యాడివి, మోకాలి పైన తోలు పట్టీ బిగించే కాలు. ఒంగోలులో ఒక నాటకాల పోటీ పరిషత్తులో మాది మూడో నాటిక. ముందు వాళ్లవి సాగిసాగి మా వంతు రాత్రి పదకొండు దాటింది. ఆయన సాయంత్రం ఆరింటి నుంచి కాలు కట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. చెమట, దోమలు. నేనే పోయి, "ఎంతసేపట్టా, ఇప్పి కాసేపు తేలిగ్గా కూర్చో అబ్బాయ్" అన్నా. జాలి. ఆయన వద్దు వద్దంటానే విప్పాడు.

అదీ నేను చేసిన తప్పు. కాలు కట్టుకుని ఉన్నంతసేపూ సాకెట్ నాలుగు పక్కలా నొక్కి పట్టి ఉంటుంది, లోపలికి నీరు దిగదు. విప్పి మొండిని, అదే మిగిలిన కాలి కొసను, కుర్చీ మీద నుంచి వేలాడేస్తే అరగంటలో నీరు దిగి ఉబ్బుతుంది. మాకు పిలుపొచ్చేసరికి ముప్పావు గంటయింది. మొండి సాకెట్లోకి పోలేదు. మొత్తానికి దూర్చాడు గానీ అడుక్కి చేరలా, రెండు వేళ్ల ఎత్తున పైనే నిలబడిపోయింది. అంటే ఆ కాలు రెండు వేళ్లు పొడుగైంది. ప్రతి అడుగుకూ పాదం ముందే నేలకు తగులుతుంది, బరువంతా అడుగున కాకుండా అంచు మీద పడుతుంది. మొదటి సీను లాక్కొచ్చాడు. రెండో సీనులో అరుగు దిగతా పడ్డాడు. జనం అది నాటికలో భాగమే అనుకున్నారు, తెర లాగేవాడు కూడా. ఆయన పడుకునే డైలాగు చెప్పాడు. చర్మం చీలిన చోట మానడానికి నెలన్నర పట్టింది, ఆ ఏడు పరిషత్తులన్నీ పోయాయి. నన్ను ఒక్క మాట అనలా. అనుంటే బాగుండేది.

అప్పుడైనా దారి ఉండింది, నాకు తెలియలేదు. మొండి మీద వేసే మేజోళ్లు ఐదు వరసలవి విప్పి ఒక వరసది వేసి చూడాల. అదీ పట్టకపోతే వెల్లకిలా పడుకుని కాలు పైకెత్తి పెట్టి, క్రేప్ బ్యాండేజీ ఎనిమిది అంకె మాదిరి కొస దగ్గర బిగువుగా, పైకి పోయేకొద్దీ వదులుగా చుట్టి ఉంచాల. గుండ్రంగా చుట్టావంటే నెత్తురు ఆగిపోతుంది, జాగ్రత్త. నీది పిన్ లాక్ కదా, పిన్ను దిగేటప్పుడు రోజూ ఎన్ని టిక్కులు వినపడతాయో గుర్తుపెట్టుకో. ఒక్కటి తగ్గినా స్టేజీ ఎక్కొద్దు. చెమట తుడుచుకోవడానికి విప్పాల్సి వస్తే రెండు నిమిషాలు, అంతే. లైనరు తుడిచి మళ్లీ వేసెయ్. రాత్రి ఇంట్లో విప్పినాక ఎర్రబడిన చోటు పావుగంటలో మామూలు రంగుకు రాకపోతే మర్నాడు రిహార్సల్ మానెయ్.

"పాపం అలిసిపోయావు, తీసెయ్యమ్మా" అనేవాళ్లు గ్రీన్‌రూములో తప్పకుండా ఉంటారు. మంచివాళ్లే. నేనూ మంచివాణ్నే అప్పుడు.

హైదరాబాదు సంగతి. మొదటి ఫోన్లోనే కాలు గురించి చెప్పెయ్, నిలువెత్తు ఫోటో పంపు. రోజుకు ఎన్ని గంటలు, మెట్లున్నాయా, తడి నేల మీద షాట్లు ఉన్నాయా, ఈ మూడూ అడుగు. ఏడుపు వేషాలే ఇస్తారు మొదట. ఒకటి చెయ్, మూడు చెయ్యబాక. కుంటి అని నవ్వించే డైలాగు వస్తే, 2024 జులైలో సుప్రీంకోర్టు సినిమాల్లో వికలాంగులను చూపించే తీరు మీద ఇచ్చిన తీర్పు గుర్తుచెయ్యి. వైకల్యాన్ని అర్థం చేయించే హాస్యం వేరు, మనిషిని కించపరిచే హాస్యం వేరు అని అందులో విడదీసి చెప్పారు.

1985లో 'మయూరి' సినిమా తీసిన సింగీతం శ్రీనివాసరావు గారు మన ఉదయగిరిలో పుట్టినవాడే. అందులో నర్తకి సుధాచంద్రన్ తన కథ తానే నటించింది. 1981లో ప్రమాదం, తర్వాత జైపూర్ కాలు, ఆ కాలుతోనే నాట్యం. మీ అమ్మకు ఇవన్నీ తెలుసు, తెలిసే ఏడుస్తుంది. అయినా అంతటి ఆమెను కూడా ఎయిర్‌పోర్టులో తనిఖీకి ప్రతిసారీ కాలు తీయమన్నారు. 2021లో ఆమె ప్రధానికి వీడియోలో మొరపెట్టుకుంది, భద్రతా దళం వాళ్లు క్షమాపణ చెప్పారు. నిన్నూ అడుగుతారు. నిలబెట్టి విప్పమంటే ఒప్పుకోబాక, పక్క గది, కుర్చీ అడుగు.

బ్యాండేజీలు రెండు కొన్నా, పది సెంటీమీటర్ల వెడల్పువి. మీ అత్త వాటితో పాటు సున్నుండలు కూడా కడుతోంది. నాటిక రోజు నేను ముందు వరసలో కూర్చోను, ఎడమ వింగులో టార్చిలైటు పట్టుకుని ఉంటా. నీకు అడ్డం రాను.

మీ మామ