నీ తెలుగు నీదేనని చూపించాలంటే

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాక మనసు కుదురుగా లేదు. రాత్రుళ్లు కూర్చుని తెలుగు చేసిన కథ కింద ఇంకొకరి పేరు చూస్తే కడుపు మండదూ మరి! అయినా పత్రికవాళ్లకు ఫోన్ చేసి తిట్టకు. ముందు నీదేదో, నీది కానిదేదో విడదీసుకో.

కథ ఒడియా రచయిత ఫకీర్ మోహన్ సేనాపతిది. ఆయన 1918లో పోయారు. రచయిత పోయాక హక్కు 60 ఏళ్లే కాబట్టి దాన్ని ఎవరైనా తెలుగు చెయ్యొచ్చు. నేను ముందు చేశానంటే చెల్లదు. నువ్వు రాసిన తెలుగు మాత్రం నీదే. (గోపీనాథ్ మహంతి కథలూ మొదలుపెట్టానన్నావు. ఆయన పోయింది 1991లో. 2051 చివరిదాకా హక్కుదారుల అనుమతి లేకుండా అచ్చుకివ్వకు.)

అసలు చిక్కు ఇక్కడుంది. మూలం ఒకటే అయినప్పుడు రెండు అనువాదాల్లో వాక్యాలు కలుస్తాయి. పేర్లూ సంఘటనలూ కలిశాయంటే ఎవరూ లెక్కచెయ్యరు. తప్పులు వెతుకు. నువ్వు వదిలేసిన వాక్యం వాళ్ల దాంట్లోనూ లేదా? పాత అచ్చులో ఒడియా అంకె నువ్వు పొరబడి చదివిన చోట వాళ్లూ పొరబడ్డారా? మూలంలో లేకుండా నువ్వు కలిపిన వివరణ అక్కడా ఉందా? నీ తప్పులు బయటపడతాయని సిగ్గుపడకు, నీ తరఫున సాక్ష్యం చెప్పేవి అవే. మూలం, నీది, వాళ్లది పక్కపక్కన రాసిపెట్టు. అలాంటిది ఒక్కటీ దొరక్కపోతే మాత్రం, అమ్మలూ, ఎవరిమీదా నింద వెయ్యకు.

కొట్టివేతలున్న చిత్తుప్రతి భద్రంగా దాచు, సాపుప్రతికంటే అదే విలువైనది. కథ పంపిన ఈమెయిల్ తుడిచెయ్యకు. రిజిస్ట్రేషన్ లేదని బెంగ వద్దు, రాయడంతోనే కాపీరైటు వస్తుంది. పారితోషికం తీసుకున్నావు కదా అంటారేమో. హక్కు రాసిచ్చినట్టు సంతకం చేసిన కాగితం ఉండాలి. ఒకవేళ ఉన్నా, అనువాదం నాదని చెప్పుకునే హక్కు కాపీరైటు చట్టం 57వ సెక్షన్ కింద నీకు మిగిలే ఉంటుంది.

సంపాదకుడికి మర్యాదగా రాయి. ఆయనకు తెలియకుండానే జరిగి ఉండొచ్చు. వచ్చే సంచికలో సవరణ, అనువాదకురాలిగా నీ పేరు, అంతే అడుగు. నెల రోజులు చూడు. పలక్కపోతే, పత్రిక ఏ ఊరిదైనా నువ్వుండే జిల్లా కోర్టులోనే దావా వెయ్యొచ్చని అదే చట్టం 62వ సెక్షన్ చెబుతోంది. మీ ఊరు పర్లాకిమిడి దాటి తిరగక్కర్లేదు.

ఆ ఉత్తరం పంపేముందు రెండు ప్రతులూ పట్టుకుని ఓసారి రా. ఒడియా మూలం నా దగ్గరుంది, ఇద్దరం కూర్చుని వాక్యం వాక్యం సరిచూద్దాం.

మీ పెదనాన్న,
బరంపురం