మోకరించినా మాట రాని రోజుల్లో నాకు జరిగింది

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఏడాదిగా మోకరిస్తే ఒక్క మాట రావడం లేదని, ఆరాధనలో అందరూ పాడుతుంటే మీరు పెదాలు మాత్రం కదుపుతున్నారని, దేవుడు నన్ను వదిలేశాడా అని రాశారు. నేను కూడా ఆ ప్రశ్నతోనే రెండేళ్లు పైగా బతికాను. నాకు జరిగింది చెబుతాను, మీకు పనికొచ్చేది తీసుకోండి.

మాది ఒంగోలు, నాలుగు తరాల బాప్టిస్టు కుటుంబం. 2021 మే నెలలో, కరోనా రెండో విడతలో మా తమ్ముడు పోయాడు. వాడికి 31 ఏళ్లు. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ తొమ్మిది రోజులూ సంఘమంతా గంటకొకరు చొప్పున గొలుసు ప్రార్థన పెట్టుకున్నారు. నాకు తెల్లవారుజామున మూడు నుంచి నాలుగు పడింది. ఒక్క రోజు కూడా తప్పలేదు. పదో రోజు ఫోన్ వచ్చింది, సరిగ్గా నా గంటలోనే, నేను మోకాళ్ల మీద ఉండగా. ఆ తర్వాత ఎప్పుడు మోకరించినా ఆ ఫోన్ మోతే చెవుల్లో వినిపించేది.

పరామర్శకు వచ్చిన ఒకరు, మా మంచి కోరేవాళ్లే, "ఇంకాస్త విశ్వాసంతో అడిగి ఉంటే బతికేవాడమ్మా" అన్నారు. మీతో కూడా ఎవరైనా ఇలా అని ఉంటే దయచేసి ఆ మాట మోయకండి. లాజరు చనిపోయినప్పుడు మార్త, మరియ ఇద్దరూ నువ్వు ఇక్కడ ఉంటే మా సహోదరుడు చనిపోయేవాడు కాదని యేసు ప్రభువుతో ముఖం మీదే అన్నారు. ఆయన వాళ్ల విశ్వాసం ఎంతుందో కొలవలేదు. సమాధి ఎక్కడుందని అడిగి కన్నీళ్లు పెట్టుకున్నారు.

అమ్మ కోసం మందిరానికి వెళ్లడం మాత్రం మానలేదు. ప్రభువు బల్ల దగ్గరకు, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి కూడా వెళ్లేదాన్ని. లోపల ఏమీ లేదు.

మా వీధి చివర మా సంఘంలోనే ఉన్న ఒక మామ్మ ఉంటుంది. శుక్లాలు తీయించుకున్నా ఆవిడకు చిన్న అక్షరం ఆనదు. "సాయంత్రం వచ్చేటప్పుడు రోజుకో కీర్తన చదివి పెట్టు అమ్మాయ్" అని అడిగింది. కాదనలేక ఒప్పుకున్నాను. ఆవిడ బైబిలుకు అట్ట ఊడిపోతే తెల్ల ప్లాస్టరు అంటించి ఉంది. ఎంతవరకు అయ్యిందో గుర్తుకు బీపీ మాత్రల ఖాళీ షీటు పెట్టేది. మొదటి కీర్తన నుంచి వరుసగా చదువుకుంటూ వచ్చాం. నా గొంతే తప్ప నేను చదవడం లేదని ఆవిడకు తెలుసు. ఏమీ అనలేదు.

ఒక రోజు 88వ కీర్తన వచ్చింది. మొర పెట్టుకునే కీర్తనలు చాలావరకు చివరికి వచ్చేసరికి స్తుతిలోకి తిరుగుతాయి. ఇది తిరగదు. చీకటి తప్ప నాకు తోడెవరూ లేరన్నట్టు అక్కడే ఆగిపోతుంది. ఇంకేమైనా ఉందేమోనని నేను పేజీ తిప్పి చూశాను.

"అయిపోయిందా?" అంది మామ్మ.

"ఇంతే ఉంది మామ్మా."

"అవును, ఇంతే. మా పెద్దోడు పోయినప్పుడు రెండేళ్లు నేను ఇక్కడే కూర్చున్నా."

తర్వాత నా చెయ్యి పట్టుకుని, "ప్రభువా, ఈ పిల్లకి నోరు రావట్లేదు, దీని బదులు నేను అడుగుతున్నా" అంది. అంతే, ఆమెన్ అనేసి, టీ తాగి వెళ్లమంది.

ఆ రాత్రి తమ్ముడు పోయాక మొదటిసారి దేవుడితో మాట్లాడాను. "నువ్వు నాకు జవాబు చెప్పాలి" అన్నాను, గట్టిగానే. జవాబు ఇప్పటికీ రాలేదు. కానీ కోపం తెచ్చుకోవడానికైనా అవతల ఒకరు ఉన్నారని నాకు తెలిసింది అప్పుడే.

మార్కు సువార్త రెండో అధ్యాయంలో పక్షవాయువు ఉన్న మనిషిని నలుగురు మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి దించుతారు కదా. యేసు చూసింది వాళ్ల విశ్వాసాన్ని అని అక్కడ రాసి ఉంది. మంచం మీద ఉన్నవాడు నోరు తెరిచి ఏమైనా అడిగాడా లేదా అన్నది అందులో లేనే లేదు. చిన్నప్పటి నుంచి ఆదివారం బడిలో విన్న కథే, నేను మంచం మీద పడ్డాక గానీ అర్థం కాలేదు. కొన్నాళ్లు మామ్మ విశ్వాసం మీదే నడిచాను.

మా ఊళ్లో ప్రార్థన కొండ ఉంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికా బాప్టిస్టు మిషనరీ జూయెట్ దొరగారు, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి ఒంగోలు కోసం ప్రార్థన చేశారు. అప్పటికి ఈ తెలుగు మిషన్ మొదలై 18 ఏళ్లు, ఫలితం దాదాపు లేదు, మూసేద్దామా అని అమెరికాలో చర్చలు కూడా జరిగాయి. మా సంఘాల్లో ఎక్కువగా చెప్పుకునేది 1878 జులై 3 గురించి, గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి. నేను ఇప్పుడు ఎక్కువగా తలుచుకునేది మధ్యలో ఉన్న కాలాన్ని. కొండ దిగాక ఒంగోలుకు మిషనరీగా క్లౌ దొరగారు రావడానికే 12 ఏళ్లు పట్టింది. అన్నేళ్లూ ఆ నలుగురైదుగురికి చూపించుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

ఇంకొక్కటి. నిద్ర లేకపోవడం, ఆకలి చచ్చిపోవడం, బతకాలని అనిపించకపోవడం లాంటివి ఉంటే ప్రార్థనతో పాటు డాక్టరును కూడా కలవండి. నేను ఆరు నెలలు మందులు వాడాను. అది విశ్వాసం లేకపోవడం ఎంతమాత్రం కాదు. ఏలీయా ప్రవక్త ఇక చావనివ్వమని చెట్టు కింద పడుకుంటే దేవదూత ముందు రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు.

ఈ రాత్రికి 13వ కీర్తన పైకి చదవండి. చాలా చిన్నది. ఏమీ అనిపించకపోయినా ఫరవాలేదు, గొంతుతో చదివితే చాలు. మామ్మ, నేను రెండో విడతలో ఇప్పుడు 41వ కీర్తనలో ఉన్నాం. మీ పేరు నాకు తెలియదు, ఆవిడకు అక్కర్లేదు కూడా. రేపు సాయంత్రం చదవడం అయ్యాక, నోరు రాని ఇంకొకరు ఉన్నారని చెబుతాను.