ఆటా చదువూ రెండూ బాగుండే యూనివర్సిటీ ఏది?

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా బాబు 11వ తరగతి. స్కూల్లో వర్సిటీ (అమెరికన్) ఫుట్‌బాల్ టీమ్‌లో సేఫ్టీగా, అంటే డిఫెన్స్‌లో వెనక నిలిచే స్థానంలో ఆడుతున్నాడు. చదువులోనూ ముందుంటాడు. డాక్టర్‌ని చేయాలని మా ఆశ. ఫుట్‌బాల్‌కు పేరున్న యూనివర్సిటీల్లో చదువు కూడా బాగుండేవి ఏవి? స్టాన్‌ఫర్డ్, నోటర్‌డామ్, డ్యూక్, నార్త్‌వెస్టర్న్, మిషిగన్, రైస్ పోల్చి చెప్పగలరా? ఆట కోటాలో ఐవీ లీగ్ (హార్వర్డ్, ప్రిన్స్‌టన్ లాంటి ఎనిమిది పేరున్న యూనివర్సిటీల కూటమి) సీటు తేలిగ్గా వస్తుందని మా స్నేహితుల గ్రూపులో అంటున్నారు. ఒక కన్సల్టెంట్ అందుకు కొన్ని వేల డాలర్లు అడుగుతున్నాడు. మావారేమో ఈ ఏడాదితో ఆట మాన్పించేద్దాం అంటున్నారు. - ఒక తల్లి, టెక్సస్

జవాబు: అమ్మా, ముందు కాస్త స్థిమితపడండి. ఆడుతూ కూడా చదువులో ముందున్నాడని మీరే రాశారు. రోజూ ప్రాక్టీసుకు వెళ్లొచ్చి, ఒళ్లు నొప్పులతోనే హోంవర్క్ పూర్తిచేస్తున్న పిల్లాడి గురించి మీరు భయపడాల్సింది చాలా తక్కువ. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. అడిగేది కాలేజీల జాబితాయే, కానీ దాని వెనక రెండు భయాలుంటాయి. చదువు చెడిపోతుందేమోనన్నది ఒకటి. తలకు దెబ్బ తగులుతుందేమోనన్నది రెండోది. ఈ రెండోది మీరూ రాయలేదు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మీరు రాసిన ఆరు పేర్లలో చదువుకు వంక పెట్టాల్సింది ఒక్కటీ లేదు. ఆట సంగతే ఏటికేడు మారుతుంటుంది. పుష్కరం కిందట స్టాన్‌ఫర్డ్ దేశంలో మేటి జట్లలో ఒకటి. అదే జట్టు 2021 నుంచి 2024 వరకు ప్రతి సీజన్‌లోనూ మూడే మ్యాచ్‌లు గెలిచింది. మీ జాబితాలో లేని వాండర్‌బిల్ట్‌ను ఆటలో చాలాకాలం ఎవరూ లెక్కచేయలేదు. 2024 అక్టోబర్‌లో అది నంబర్ వన్ ర్యాంకులో ఉన్న అలబామాను 40-35తో ఓడించింది. మిషిగన్ 2023 సీజన్‌కు జాతీయ చాంపియన్. నోటర్‌డామ్ 2025 జనవరిలో ఫైనల్ దాకా వెళ్లి ఒహాయో స్టేట్ చేతిలో ఓడింది. ఆటా చదువూ రెండూ నిలకడగా పైన ఉన్నవి చెప్పమంటే నేను ఈ రెండింటి పేర్లే చెప్తాను. ఆటగాళ్లను డిగ్రీ దాకా తీసుకెళ్లడంలో నోటర్‌డామ్, నార్త్‌వెస్టర్న్, డ్యూక్, స్టాన్‌ఫర్డ్ నాలుగూ మంచి పేరున్నవే. రైస్ ఆటలో చిన్నది, చదువులో పెద్దది. పోలిక ఇంతటితో ఆపేస్తున్నాను. ఎందుకంటే మీవాడు తేల్చుకోవాల్సింది ఇది కాదు.

వాడికి కావాల్సింది ఆడటమా, ఆట ఉన్న చోట చదువుకోవడమా? మిషిగన్ స్టేడియంలో 1,07,601 మంది పడతారు. శనివారం పొద్దున ఆ ఊరంతా పసుపూ నీలం రంగుల్లో మునిగిపోతుంది. ఆ సందడి మధ్య నాలుగేళ్లు గడపాలన్నదే కోరికైతే టీమ్‌లో ఉండాల్సిన పనే లేదు. మీ రాష్ట్రంలోనే ఆస్టిన్‌లో యూటీ ఉంది. 2026 ఫాల్ నుంచి టెక్సస్ స్కూళ్లలో క్లాసులో మొదటి 5 శాతంలో ఉన్నవాళ్లకు అక్కడ సీటు ఖాయం. కోరిన మేజర్ మాత్రం ఖాయం కాదు, అది గుర్తుంచుకోండి.

లేదు, ఆడాల్సిందే అంటే లెక్క వేరు. దేశం మొత్తం మీద హైస్కూల్ ఫుట్‌బాల్ ఆడేవాళ్లు పది లక్షల మంది దాకా ఉంటారు. కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. దాని కాలేజీల్లో ఏదో ఒక డివిజన్‌లో ఆడేది వందలో ఏడెనిమిది మంది. డివిజన్ వన్‌కు చేరేది ముగ్గురు. పెద్ద జట్లు కావాలనుకున్న కుర్రాళ్లకు మామూలుగా 11వ తరగతి సగమయ్యేసరికే ఫోన్లు వచ్చేస్తాయి. మీవాడికి వచ్చి ఉంటే మీరు ఉత్తరంలో తప్పకుండా రాసేవారు.

పైగా ఆ తలుపు ఇటీవల ఇంకాస్త మూసుకుంది. ఆటగాళ్లు వేసిన దావాలో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన 'హౌస్' రాజీ ఒప్పందంతో యూనివర్సిటీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు పంచవచ్చు. మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీకి పరిమితి దాదాపు 2.05 కోట్ల డాలర్లు. అందులో చేరిన చోట్ల ఫుట్‌బాల్ జట్టుకు 105 మందే అని గీత గీశారు. ఇదివరకు 85 మంది స్కాలర్‌షిప్ ఆటగాళ్లతో పాటు, సొంత ఖర్చుతో చదువుతూ జట్టులో చేరే వాకాన్ పిల్లలు పెద్ద సంఖ్యలో ఉండేవారు. ఇప్పుడు ముందు తగ్గేది వాళ్లే. దానికి తోడు, యూనివర్సిటీ మారాలనుకునే ఆటగాళ్ల పేర్లుండే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో అనుభవమున్న ఇరవై రెండేళ్ల ఆటగాడు దొరుకుతుంటే, హైస్కూల్ నుంచి వచ్చే పిల్లాడి మీద కోచ్ ఎందుకు పందెం కాస్తాడు?

సరే, సీటు వచ్చిందనే అనుకుందాం. అప్పుడు మెడిసిన్ సంగతి. సీజన్‌లో ఒక మామూలు రోజు చూడండి. తెల్లవారకముందే లేచి వెయిట్ రూమ్. తర్వాత ట్రైనర్ దగ్గర చీలమండకు టేప్. క్లాసులు మధ్యాహ్నంలోపు ముగియాలి, ఆ తర్వాత మీటింగ్, ప్రాక్టీస్, వీడియో చూడటం. ఆర్గానిక్ కెమిస్ట్రీ ల్యాబులేమో ఎక్కువగా మధ్యాహ్నాలే పెడతారు. మెడికల్ స్కూల్‌కు సిద్ధమయ్యే ప్రీమెడ్ పిల్లాడికి దెబ్బ అక్కడ తగులుతుంది. ఇది నా ఊహ కాదు. 2014లో నార్త్‌వెస్టర్న్ క్వార్టర్‌బ్యాక్ కెయిన్ కోల్టర్, ఆటగాళ్ల యూనియన్ కేసులో కార్మిక బోర్డు ముందు సాక్ష్యం చెప్పాడు. డాక్టర్ కావాలని వచ్చినవాడు, కెమిస్ట్రీ క్లాసు ప్రాక్టీసుకు అడ్డం రావడంతో వెనకబడి, చివరికి సైకాలజీకి మారాడు. సీజన్‌లో వారానికి 40 నుంచి 50 గంటలు ఆటకే పోతున్నాయని ఆ కేసులో అధికారి రాశారు. ఎన్‌సీఏఏ నియమం ప్రకారం ఉండాల్సింది 20 గంటలు. ప్రయాణాలు, గాయాల చికిత్స, 'ఇష్టమైతే రండి' అని పిలిచే వ్యాయామాలు ఆ ఇరవైలోకి రావు. పిల్లలు ఇష్టం లేదని మానగలరా?

నార్త్ కరోలినా, చాపెల్‌హిల్ సంగతి కూడా తెలుసుకోండి. దేశంలో గొప్ప ప్రభుత్వ యూనివర్సిటీల్లో అదొకటి. అక్కడ 1993 నుంచి 2011 దాకా క్లాసే జరగని కోర్సులు నడిచాయని 2014లో విచారణ నివేదిక తేల్చింది. వాటిలో 3,100 మందికి పైగా విద్యార్థులు చేరారు, అందులో దాదాపు సగం మంది ఆటగాళ్లు. కాలేజీ ర్యాంకు వేరు, ఆటగాడికి అక్కడ అందే చదువు వేరు అని నేను పదే పదే చెప్పడానికి కారణం ఇదే.

రెండూ సాధించినవాళ్లు లేరా అంటే ఉన్నారు. మైరన్ రోల్ ఫ్లోరిడా స్టేట్‌లో సేఫ్టీగానే ఆడాడు. 2008లో రోడ్స్ స్కాలర్‌గా ఎంపికై ఆక్స్‌ఫర్డ్ వెళ్లాడు. 2010లో ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని ఒక జట్టు అతన్ని తీసుకుంది. ఆ తర్వాత మెడిసిన్ చదివి న్యూరోసర్జన్ అయ్యాడు. మీవాడికి అతని గురించి తప్పకుండా చెప్పండి. కానీ దేశం మొత్తంలో అలాంటి పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉంటాయని కూడా చెప్పండి.

ఇప్పుడు మీరు రాయని భయం. బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2017లో, చనిపోయిన ఫుట్‌బాల్ ఆటగాళ్ల మెదళ్లను పరీక్షించిన ఫలితాలు ప్రకటించారు. కాలేజీ స్థాయి వరకు ఆడిన 53 మందిలో 48 మందికి సీటీఈ అనే మెదడు జబ్బు కనిపించింది. అవి కుటుంబాలు దానం చేసినవి, బతికుండగా లక్షణాలు చూసి అనుమానంతో ఇచ్చినవే ఎక్కువ. కాబట్టి ఆడిన ప్రతివాడికీ ఇదే గతి అనుకోవద్దు. అలాగని పక్కన పెట్టేసే విషయమూ కాదు. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు బాల్టిమోర్ రేవెన్స్‌కు ఆడుతూ ఎంఐటీలో గణితంలో పీహెచ్‌డీ చేస్తున్న జాన్ అర్షెల్, ఆ ఫలితాలు వచ్చిన రెండు రోజులకే ఆట మానేశాడు. ఇప్పుడు ఎంఐటీలోనే పాఠాలు చెప్తున్నాడు.

ఈ విషయంలో నాకు నమ్మకం కలిగించింది ఐవీ లీగ్. అందులోని డార్ట్‌మత్ కాలేజీ కోచ్ బడ్డీ టీవెన్స్ 2010లోనే ప్రాక్టీసులో ఆటగాళ్లు ఒకరినొకరు గుద్దుకుని పడేయడం ఆపేశారు. తర్వాత అక్కడి ఇంజినీరింగ్ విభాగం వాళ్లు మనిషంత ఎత్తు మెత్తటి బొమ్మ తయారుచేశారు. రిమోట్‌తో నడిపితే మైదానంలో అటూ ఇటూ పరిగెడుతుంది, కుర్రాళ్లు దాన్ని పడగొట్టి ట్యాకిల్ నేర్చుకుంటారు. 2016లో ఐవీ లీగ్ మొత్తం సీజన్ ప్రాక్టీసుల్లో ట్యాక్లింగ్ మానేసింది. అదే ఏడు కికాఫ్‌ను, అంటే ఆట మొదలుపెట్టే తన్నును, 35 గజాల గీత నుంచి 40కి జరిపింది. వెయ్యి కికాఫ్‌లకు తల దెబ్బలు దాదాపు 11 నుంచి రెండుకు పడిపోయాయి. ఐదు గజాల మార్పుతో వచ్చిన ఫలితం ఇది. ఏ కోచ్‌ను కలిసినా, వారంలో ఎన్ని రోజులు పూర్తి స్థాయి ట్యాక్లింగ్ చేయిస్తారని మీరే అడగండి. సూటిగా చెప్పని చోటికి పిల్లాణ్ని పంపకండి.

ఐవీ లీగ్ పేరు ఎత్తాను కదా అని మీ గ్రూపులో మాట నిజమనుకోకండి. ఆట కోటా అంటూ అక్కడ ఏమీ లేదు. ఒక్కో కాలేజీ కోచ్ ఏటా దాదాపు ముప్పై మంది పేర్లు అడ్మిషన్ వాళ్లకు పంపగలడు. ఆ ముప్పై మందికీ మార్కులుండాలి. ఆటకు స్కాలర్‌షిప్ అసలే ఇవ్వరు, ఇచ్చేదంతా కుటుంబ ఆదాయం చూసే. 2025-26 నుంచి హార్వర్డ్‌లో ఆదాయం రెండు లక్షల డాలర్ల వరకు, ప్రిన్స్‌టన్‌లో రెండున్నర లక్షల వరకు ఉన్న మామూలు కుటుంబాలకు ట్యూషన్ ఫీజు లేదు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మన ఇళ్లు చాలావరకు ఆ గీత దాటేస్తాయి. ఒక మేలు మాత్రం ఉంది. ఆ సాయం ఆటతో ముడిపడి లేదు కాబట్టి, మోకాలు దెబ్బతిన్నా, మనసు విరిగినా, ఆట మానేసి చదువు కొనసాగించవచ్చు. ఆట స్కాలర్‌షిప్ మీద వెళ్లినవాడు తనంతట తాను మానేస్తే ఆ డబ్బు పోతుంది.

ఎలైట్ సీటు కోసం పిల్లల చేత ఏదో ఒక ఆట ఆడించడం ఇప్పుడు మనవాళ్లలో కొత్త ధోరణి. దీన్ని నేను ఒప్పుకోను. కత్తిసాము, రోయింగ్ అయిపోయాయి, ఇప్పుడు ఫుట్‌బాల్ కికింగ్ కోచింగ్ అంటున్నారు. మీవాడు అలా మొదలుపెట్టినవాడు కాదు, ఇష్టంతో ఆడుతున్నాడు. ఆ ఇష్టాన్ని సీటు బేరంగా మార్చకండి. 2019లో బయటపడిన అడ్మిషన్ల కుంభకోణంలో, ఫుట్‌బాల్ టీమే లేని స్కూలు కుర్రాణ్ని కికర్‌గా చూపించడానికి ఫోటో మార్చిన ఉదంతం కూడా ఉంది. ఆ కేసులో తల్లిదండ్రులు జైలుకెళ్లారు. మీ కన్సల్టెంట్ అలాంటివాడని నేననడం లేదు. కానీ ఆయన చేసేదల్లా హడ్ల్ అనే మ్యాచ్ వీడియోల సైట్‌లో ఉన్న వీడియోలు కత్తిరించి కోచ్‌లకు ఈమెయిల్ పంపడమే అయితే, ఆ పని మీవాడు ఓ ఆదివారం కూర్చుని చేయగలడు. కోచ్‌లు కూడా పిల్లాడు రాసిన ఈమెయిలే చదువుతారు.

ఇక మీ ఇద్దరికీ కాస్త గట్టిగా చెప్పాలి. మీ ఉత్తరంలో మీ ఆశ ఉంది, మీవారి నిర్ణయం ఉంది, గ్రూపు మాట ఉంది, కన్సల్టెంట్ రేటు ఉంది. పిల్లాడు ఏమంటున్నాడో ఒక్క ముక్క లేదు. వాడికి డాక్టర్ కావాలనుందా? శుక్రవారం రాత్రి మ్యాచ్‌లకు మీ ఇద్దరిలో ఎవరైనా వెళ్లి కూర్చుంటున్నారా? సీనియర్ ఏడాదికి ముందు వాణ్ని టీమ్‌లోంచి లాగేస్తే మిగిలిన సాయంత్రాల్లో ఎక్కువ చదువుతాడని మీవారు అనుకుంటున్నట్టున్నారు. అలా లాగేసిన పిల్లల్ని నేను చూశాను. గది తలుపు వేసుకుంటారు, అమ్మానాన్నలతో మాట్లాడటం తగ్గిస్తారు, మార్కులేమీ పెరగవు. ఆట మానాలంటే అది తల దెబ్బల సంగతి తెలుసుకుని వాడే తీసుకోవాల్సిన నిర్ణయం. మీరు ముగ్గురూ కూర్చుని మాట్లాడండి. మీ భయాన్ని భయంగానే చెప్పండి, మార్కుల మీద నెట్టకండి.

మీవాడికి నా మొదటి సూచన డివిజన్ త్రీ, అంటే ఎన్‌సీఏఏలో మూడో శ్రేణి. పేరు చూసి చిన్నచూపు చూడకండి. జాన్స్ హాప్కిన్స్, ఎంఐటీ, కార్నెగీ మెలన్, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ, షికాగో యూనివర్సిటీ, వీటి జట్లన్నీ అందులోనే ఆడతాయి. ఆట స్కాలర్‌షిప్ ఉండదు, ప్రాక్టీసు కోసం ల్యాబ్ వదులుకోమనే ఒత్తిడి కూడా బాగా తక్కువ. హాప్కిన్స్ 2018లో సెమీఫైనల్ దాకా వెళ్లింది, ఊరికే ఆడే జట్టేమీ కాదు. షికాగోకైతే పెద్ద చరిత్రే ఉంది. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏటా అత్యుత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీని మొట్టమొదట 1935లో గెలిచిన జే బెర్వాంగర్ అక్కడివాడే. నాలుగేళ్లకు, 1939లో, చదువుకు అడ్డమని యూనివర్సిటీ ఫుట్‌బాల్‌నే ఎత్తేసింది. మూడు దశాబ్దాల తర్వాత మళ్లీ చిన్న స్థాయిలో మొదలుపెట్టింది.

హెచ్-4 మీద ఉన్న పిల్లల తల్లిదండ్రులు కూడా ఇది చదువుతుంటే ఒక మాట. ఆ వీసాలో పని చేసే అనుమతి లేదు, 21 ఏళ్లు నిండగానే ఆ హోదా పోతుంది. యూనివర్సిటీ ఇచ్చే ఆట డబ్బుకైనా, బయటి ప్రకటనల డబ్బుకైనా సంతకం చేసేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను కలవండి.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. ముందు రైస్‌కు వెళ్లిరండి. హ్యూస్టన్ మీకు కారులో నాలుగు గంటల పైచిలుకు, టెక్సస్ మెడికల్ సెంటర్ ఆ క్యాంపస్‌కు రోడ్డు అవతలే. మామూలు పనిరోజున వెళ్లండి, మ్యాచ్ రోజున కాదు. జట్టులో ఇప్పుడు ప్రీమెడ్ చదువుతున్నవాళ్లు ఎందరు, వాళ్లలో ఒకరితో మాట్లాడవచ్చా అని మీవాడే అడగాలి. అక్కడ మీరు మాట్లాడకండి. జూనియర్ ఏడాది మార్కులు వచ్చాక వేసవిలో హాప్కిన్స్, వాషింగ్టన్ యూనివర్సిటీ, నచ్చితే ఒకటి రెండు ఐవీ కాలేజీల కోచ్‌లకు వాడే రాసి, అడ్మిషన్ వాళ్ల చేత ముందుగా మార్కులు చూపించగలరా అని అడగాలి. దాన్ని వాళ్లు ప్రీ-రీడ్ అంటారు. జవాబు ఎటూ తేలకపోతే అప్పుడు నాకు మళ్లీ రాయండి. ఈసారి ఉత్తరం మీవాణ్నే రాయమనండి.