లూసిఫర్ సీరియల్‌లో శిక్ష రాసేదెవరు?
లూసిఫర్ అనే అమెరికన్ సీరియల్‌లో నరకాన్ని ఏలే లూసిఫర్ (క్రైస్తవ కథల్లో స్వర్గం నుంచి పడిపోయిన దేవదూత, సైతాను) అక్కడివాళ్లకు శిక్ష రాస్తాడా అని మీరడిగారు. చిక్కంతా అతన్ని యముడనుకోవడంలోనే ఉంది. అందుకే పర్లాకిమిడిలో మీ మామ్మగారు "మరి చిత్రగుప్తుడేడీ?" అని మిమ్మల్ని నిలదీశారు.

1. మన నరకంలో చిట్టా ఉంటుంది, శిక్ష తీరాక మళ్లీ జన్మ. సీరియల్‌లోని నరకంలో రెండూ లేవు.

2. అందరూ దాటేసేది ఇదే: ఆ నరకంలో గదుల తలుపులకు తాళాలు ఉండవు. తప్పు చేశానన్న బాధే మనిషిని లోపల కట్టేస్తుంది, అదే ఘట్టం మళ్లీ మళ్లీ జరుగుతుంది. లూసిఫర్ అక్కడి ఏలిక, తీర్పరి కాదు. నాకు ఆ సీరియల్ మొత్తంలో బాగా నచ్చిన ఊహ ఇది.

3. 3వ సీజన్‌లో అతని కాలిన ముఖం, అంటే సైతాను రూపం, మాయమవడమూ దీనికి సంబంధించిందే. దేవదూత తన్ను తాను ఏమనుకుంటే అలాగే మారతాడు.

మామ్మగారికి జయవిజయులతో మొదలుపెట్టండి. వాళ్లు శాపంతో పడ్డారు, ఇతను తండ్రి అయిన దేవుడిమీద తిరగబడి పడ్డాడు.